తేట

నలభై తాళ్ళకు నేనెరుక.
ఏ తాడు ఏడ వంగిందో, ఏ మట్ట ఏడ గీరుతదో
కండ్లకన్న ముందు మోకాళ్ళకు తెలిసేది.
మోకు ఎనకనుంచి ఆపుతది, నిజమే.
చెట్టును పట్టుకునేది మాత్రం మోకాలే,
సంకనున్న పిల్ల తల్లి నడుమును పట్టినట్టు.

నిరుడు మాఘంల చప్పుడు మొదలైంది.
ఎక్కేటప్పుడు కాదు,
దిగేటప్పుడు.
నలభై తాళ్ళు పద్దెనిమిదైనయి,
పద్దెనిమిది ఏడైనయి.
ఏడో తాడు మొదట్ల లొట్టి ఒళ్ళె వెట్టుకొని
పొద్దెక్కేదాక కూసున్ననాడు
ఎల్లవ్వ ఏమనలే.
తెల్లారి నల్లమేకను తోలుకపోయి అమ్మొచ్చింది,
పరకాల బస్సుకు చిల్లర ఏరువెట్టింది.

హన్మకొండల దవఖాన మూడో అంతస్తు.
లిఫ్టు వద్దన్న, ఎక్కుడు నా కులపని గద.
ఎనిమిదో మెట్టు కాడ
గోడను పట్టుకొని నిలబడ్డ,
ఎవలన్న చూసిన్రా అని చూసిన.

నరహరి సారు ఫిల్ముని వెలుగుకు వట్టి
"గుజ్జు అరిగింది, కొమురెల్లీ" అన్నడు.
లేత ముంజె తీరుగ ఉండాల్నట ఆడ,
తెల్లగ, జారుగ.
ముదిరిన ముంజెను మళ్ళ లేతగ జేసినోణ్ణి
నేనైతే ఇంతవరకు చూడలే.

"కత్తి తెగిన ఏలు మానింది గద సారూ,
ఇదెందుకు మానది?"

"ఏలుకు నెత్తురు దారున్నది.
గాయమైతే ఉరికొచ్చే కణాలుంటయి,
పెరుగు, పెరుగు అని పిలిచే మాట
వాటి కడుపుల దాసుకొని వస్తయి.
గ్రోత్ ఫ్యాక్టర్లంటం మేము.
గుజ్జుకు ఆ దారి లేదు.
ఎంత అరిగినా దాని మొర ఎవలకూ ఇనవడది.
అందుకే నీ నెత్తురుల మాటను
మనమే మోసుకపోయి ఆడ దించుతం."

షాహీన్ అనే పిల్ల నా జబ్బకు రబ్బరు కట్టింది.
గొట్టం నిండింది, మిషన్ల తిరిగింది.
బయటికి తీస్తే
కింద ఎరుపు, మీద పసుపు.
కదలకుంట పెట్టిన లొట్టిల
మడ్డి అడుగుకు, తేట పైకి,
ముప్పై ఏండ్లు తేట ఒంచిన చెయ్యి నాది.
"మడ్డి కదిలియ్యకు బిడ్డా" అన్న.
"నాకు తెల్వదా తాతా" అని నవ్వింది,
నవ్వుకుంటనే సూదిలకు తేటను గుంజింది.

అప్పుడు గెల యాదికొచ్చింది.
పూట పూటకు దాని కొస గీసినోణ్ణి.
తమలపాకు మందం గూడ కాదు, పొర.
గాయం ఆరకముందే ఇంకో గాయం,
ఆరితే ధార ఆగుతదని.
ఆ చెట్టు గూడ అప్పుడు
పెరుగు, పెరుగు అని ఎవలనన్న పిలిచెనా?
ఆ పిలుపునే నేను లొట్టికి వట్టి
మండువల గిలాసల లెక్కన అమ్ముకున్ననా?
సారును అడుగుదామనుకున్న.
సూది దిగింది, అడుగలే.

"కొందరికి నొప్పి తగ్గుతది, కొందరికి తగ్గది.
గుజ్జు మళ్ళ మొలుస్తదని మాత్రం నేను చెప్ప."
గా మాట నాకు నచ్చింది.
పారుతదని ఒట్టు వెట్టుకొని
నేను మాత్రం ఏ తాటికి లొట్టి కట్టిన?

రెండు రాత్రులు మోకాలు ఉబ్బి మండింది.
నొప్పి గోలీలు మింగొద్దన్నరు.
ఎల్లవ్వ దీపం తగ్గిచ్చి
పాత మోకు చిక్కులు ఇప్పుకుంట కూసున్నది,
ఎందుకిప్పుతున్నవని నేనడుగలే.

ఆరు వారాలైంది.
పీటమీది నుంచి చేతులు ఆనియ్యకుంట లేస్తున్న.
చప్పుడు ఉన్నది, కాని
మునుపటి లెక్క కొట్లాడుతలేదు.
తాడెక్కొద్దని సారు రాసిచ్చిన కాయితం
గోడ మేకుకు, ముస్తాదు పక్కనే ఏలాడుతున్నది.

నిన్న మాపటికి
ఎవలు లేంది జూసి పోత్తాడు కాడికి పోయిన.
గుజి ఏసుకున్న, మోకు తిప్పిన.
రెండు బారలు.
అంతే.
మోకుల ఎనకకు ఒరిగి, కండ్లు మూసి,
లోపలి నుంచి ఏదన్న పిలుస్తదేమోనని ఇన్న.
గాలికి మట్టలు రాసుకున్నయి.
దిగిన.

ఇంటికొస్తే ఎల్లవ్వ
నా రొమ్ముకంటిన బెరడు పొట్టును
ఒక్కొక్కటి ఏరి పారేసింది.
"నీళ్ళు కాగినయి, పో" అన్నది.